మూడు నిమిషాల్లో మన జబ్బు కథ: ఇంట్లో ఉన్న ఫోనుతో షార్ట్‌ఫిల్మ్ తీసేదెలా

పక్షవాతం వచ్చాక మా అమ్మకు కుడి చెయ్యి పడిపోయింది. మందులు, ఫిజియోథెరపీ, ఆస్పత్రి చుట్టూ తిరుగుడు అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే, ఎడమ చేత్తో తినడం. అనంతపురం వచ్చిన చుట్టాలెవరైనా మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే చాలు, 'నాకిప్పుడు ఆకలి లేదు' అని పక్క గదిలోకి వెళ్లిపోయేది. ఆరు నెలల పాటు ఆమెకు నిజంగానే ఆకలి చచ్చిపోయిందనుకున్నాను. డాక్టరుకూ అదే చెప్పాను. ఆయన ఆకలి పుట్టే మందు రాసిచ్చాడు.

ఆ ఒక్క సంగతి మీద రెండు నిమిషాల నలభై సెకన్ల సినిమా తీశాం. అందులో ఉన్నది అమ్మ గొంతు, మా వంటింటి గోడ, దాని మీద సంగటి ముద్ద చేయడానికి తంటాలు పడే ఒక చేతి నీడ. అది చూసిన ఒక ఫిజియోథెరపిస్టు, 'ఇన్నాళ్లూ చెయ్యి ఎంత పైకి లేస్తోందనే అడిగాను, ఎవరితో కలిసి తింటున్నారని ఎవరినీ అడగలేదు' అంది. రిపోర్టుల్లో ఎక్కడా లేని ఆ ప్రశ్న కోసమే ఈ పని చేయాలి.

ఈ పద్ధతికి ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, ఆయన మిత్రులు మామూలు మనుషులను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల బతుకులోని ఒక ఘట్టాన్ని వాళ్ల గొంతుతో, వాళ్ల ఫొటోలతోనే చిన్న వీడియోగా మలచడం నేర్పారు. దానికి డిజిటల్ స్టోరీటెల్లింగ్ అని పేరు. 2003లో ఇంగ్లండ్‌లో పిప్ హార్డీ, టోనీ సమ్నర్ 'పేషెంట్ వాయిసెస్' పేరుతో అదే దారిని రోగుల వైపు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల వైపు, నర్సుల వైపు మళ్లించారు. అవి దాదాపు రెండు మూడు నిమిషాల వీడియోలు. వైద్యం చదివే పిల్లలకు, ఆస్పత్రులు నడిపేవాళ్లకు చూపిస్తారు. కర్నూలులోనైనా కడపలోనైనా దీనికి పెద్ద కెమెరాలు అక్కర్లేదు. ఒక ఫోను, ఓపిక, ఇంకొక మనిషి తోడు ఉంటే చాలు.

మొదటి అడుగు: ఎవరు చూడాలో ముందు తేల్చుకోండి

'అందరూ చూడాలి' అనుకుంటే ఎవరికీ తగలని సినిమా అవుతుంది. డయాలసిస్ చేయించుకునే మనిషి కథే తీసుకోండి. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునేవాడు అతను. ఆ కథ తోటి పేషెంట్ల కోసమైతే, నీళ్లు కొలిచి తాగే తిప్పలు, ఫిస్టులా చెయ్యిని, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యిని, కాపాడుకునే తీరు చెప్పాలి. డాక్టర్ల కోసమైతే, పల్లె నుంచి తెల్లవారుజామున ఏ బస్సు పట్టుకుంటే వేళకు అందుతామో చెప్పాలి. ఊళ్లోవాళ్ల కోసమైతే, డయాలసిస్ అయిన సాయంత్రం ఒళ్లు ఎంత నీరసిస్తుందో చెప్పాలి, ఎందుకంటే 'చూడ్డానికి బాగానే ఉన్నాడే' అనేది వాళ్లే.

ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: 'ఈ సినిమా చూశాక ఫలానా మనిషి ఫలానా పని చేయాలి.' మాది ఇది: 'పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరైనా ఆమె పక్కన కూర్చుని తామూ ఎడమ చేత్తో రెండు ముద్దలు తినాలి.' ఈ వాక్యం రాయడానికి మాకు రెండు వారాలు పట్టింది. అది కుదిరాక మిగతా పని సాఫీగా నడిచింది.

రెండో అడుగు: జబ్బు మొత్తం చెప్పొద్దు, ఒక్క ఘడియ చెప్పండి

మొదటిసారి తీసేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే దారి తప్పుతారు. జ్వరం వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, చూపించిన ప్రతి డాక్టరునూ, చేయించిన ప్రతి స్కానింగునూ వరసగా చెప్పుకుంటూ పోతారు. అది కేస్‌షీటు, కథ కాదు. ఆ రోజుల్లో ఏ ఘడియ దగ్గర మీ గొంతు తడబడుతుందో అదే మీ సినిమా.

దాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం, చేతులకు పని చెప్పి మాట్లాడించడం. కెమెరా ముందు కుర్చీ వేసి 'చెప్పండి' అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. అదే ముందు చేటలో బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు పోసి, ఎదురుగా కూర్చుని వలుస్తూ అడగండి. కళ్లు చేట మీద ఉంటాయి, మాట దానంతటది వస్తుంది. అమ్మ ఎడమ చేత్తో ఒక్కో కాయ నేలకు అదిమి చిట్లగొడుతూ, తలెత్తకుండానే ఆకలి సంగతి బయటపెట్టింది. అప్పుడు ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టుకోండి, ఆమెకు చెప్పే పెట్టుకోండి. బుడ్డల చప్పుడులో మాటలు సరిగా వినపడవు కాబట్టి అది సినిమాకు పనికిరాదు, రాసుకోవడానికి మాత్రమే.

ఆశా కార్యకర్త, ఇంట్లో మతిమరుపు వచ్చిన మామను చూసుకునే కోడలు, వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం మంచాన పడిన మనిషిని ఆటోలో ఎక్కించుకెళ్లిన కొడుకు, వీళ్లవీ ఆరోగ్య కథలే. చాకిరీ చేసేవాళ్ల కథలు మన దగ్గర మరీ తక్కువ. వాళ్లను ఎవరూ అడగరు.

మూడో అడుగు: రెండు వందల యాభై మాటలు

విన్నదాన్ని ఒక పేజీకి కుదించండి. తాపీగా చదివితే రెండున్నర నిమిషాలు రావాలి. గడియారం పెట్టుకుని పైకి చదవండి, మూడు నిమిషాలు దాటితే కోసేయండి. మొదట కోయాల్సింది ముందుమాట: 'నమస్కారం, నా పేరు, మాది ఫలానా ఊరు'. రెండోది, చివర్లో చెప్పే నీతి. మా అమ్మ సినిమా 'అది ఆకలి లేక కాదు' అనే మాటతో మొదలవుతుంది.

యాసను దిద్దకండి. 'తింటాండా', 'పోతాండా' అన్నది అలాగే ఉండాలి. టీవీ తెలుగులోకి మార్చిన మరుక్షణం ఆ మనిషి అందులో లేకుండా పోతుంది. కర్నూలులో, కడపలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు బోలెడు. ఆదోని, మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లూ ఉన్నారు. నొప్పిని ఏ భాషలో 'అమ్మా' అంటారో ఆ భాషలోనే చెప్పనివ్వండి, కింద తెలుగు అక్షరాలు వేసుకోవచ్చు.

తేదీలు, మందుల పేర్లు, చేసిన ఆపరేషన్ జ్ఞాపకం మీద రాయకండి, కాగితాలు చూసి రాయండి. కాగితాలు లేకపోతే ఆస్పత్రిని అడగండి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. రాసిచ్చి రసీదు తీసుకుంటే పని త్వరగా అవుతుంది.

నాలుగో అడుగు: అనుమతి

దీన్ని తొందరగా దాటేయకండి. మిగతావన్నీ తప్పినా సినిమా బాగుండకపోవడంతో పోతుంది. ఇది తప్పితే ఒక మనిషి ఊళ్లో తలెత్తుకోలేదు.

కథ ఎవరిదో చివరి మాట వాళ్లది. తీసింది మీరే కావచ్చు, డబ్బు పెట్టింది మీరే కావచ్చు, వాళ్లు కన్నతల్లే కావచ్చు, అయినా అంతే. నేను మొదట అమ్మ తింటుంటే నేరుగా తీద్దామనుకున్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మొఖం చూపిస్తే చూపీ పాపా. నేను ఎడం చేత్తో తినేది మాత్రం తీయాకు' అంది. సాధారణంగా మనం దాచేది ముఖాన్ని. ఆమె దాచుకోవాలనుకున్నది చెయ్యిని. అడగకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఒక్కసారి అడిగితే చాలదు, నాలుగుసార్లు అడగండి: మాట్లాడించే ముందు, రాసింది చదివి వినిపించాక, తీసింది చూపించాక, బయట పెట్టే ముందు. ఎప్పుడు 'వద్దు' అన్నా ఆపేయాలి, కారణం అడగకూడదు. కాగితం మీద కూడా రాయించుకోండి, తేలిక తెలుగులో: ఎక్కడ చూపిస్తాం, ఎన్నాళ్లు ఉంచుతాం, పేరు వేస్తామా లేదా, తీసేయమంటే ఎవరికి ఫోన్ చేయాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, ఆ వినిపించడాన్నీ వాళ్ల ఒప్పుకోలునూ రికార్డు చేసి పెట్టుకోండి. వాళ్ల దగ్గర ఒక కాపీ ఉండాలి.

కొన్ని విషయాల్లో చట్టం కూడా గట్టిగానే ఉంది. హెచ్ఐవి ఉన్న మనిషి సంగతి ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు, వివరాలు వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ముఖం, బడి, ఇల్లు, ఏ ఆనవాలూ రాకూడదని పోక్సో చట్టం చెబుతుంది. అలాంటి కథలు వీడియోగా తీసే ప్రయత్నమే చేయొద్దని నా మాట.

పాత గాయం తవ్వుతున్నామని కూడా గుర్తుంచుకోండి. చెబుతూ చెబుతూ ఊపిరి బిగబట్టినా, చేతులు వణికినా ఫోన్ పక్కన పెట్టి నీళ్లివ్వండి, ఆ రోజుకు వదిలేయండి. మనసు మరీ కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఐదో అడుగు: ముందు గొంతు, తర్వాతే బొమ్మ

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఉండరు. ఇంట్లో అన్నింటికంటే చిన్న గది ఎంచుకోండి. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ఎదుట కూర్చోబెడితే, వేలాడే చీరలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ కాసేపు తీసేయాలి. మన ఎండల్లో ఫ్యాన్ లేకుండా జబ్బు మనిషిని కూర్చోబెట్టడం పాపం కాబట్టి, తెల్లవారి ఐదున్నర, ఆరు మధ్య పెట్టుకోండి. గుడి మైకు, మసీదు మైకు, పాల బండి వేళలు ముందురోజే చూసుకోండి.

ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'భ' అన్నప్పుడు గాలి కొట్టి డబ్ డబ్‌మంటుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైకు ఉంటే ఇంకా మంచిది. ఫ్లైట్ మోడ్ మర్చిపోకండి. కాగితం చూసి చదివించకండి, ఒక్కో వాక్యం గుర్తు చేసి సొంతంగా చెప్పించండి. పక్షవాతం తర్వాత కొందరికి మాట ముద్దగా వస్తుంది, మధ్యలో ఆగుతుంది. ఆ ఆగడాన్ని కోయకండి. అమ్మ ఒకచోట నాలుగు సెకన్లు ఆగింది, సినిమా మొత్తంలో జనం ఊపిరి బిగబట్టేది అక్కడే.

చెప్పడం అయిపోయాక అదే గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే రికార్డు చేయండి. అతుకులు కనపడకుండా కలపడానికి ఆ నిశ్శబ్దం పనికొస్తుంది.

ఆరో అడుగు: బొమ్మలు

ఫోను అడ్డంగా పట్టుకోండి. సెట్టింగుల్లో 1080, సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, 30 పెడితే ట్యూబులైటు కింద తెర మీద చారలు కదులుతుంటాయి. కొన్ని ఫోన్లలో 25 ఉండదు, అప్పుడు కిటికీ వెలుతురులో తీయండి. తెర మీద వేలు కాసేపు అదిమిపెడితే ఫోకసూ వెలుతురూ లాక్ అవుతాయి, లేదంటే మనిషి కదిలినప్పుడల్లా బొమ్మ తెల్లబడి నల్లబడుతుంది. ప్రతి షాటూ పది సెకన్లు కదపకుండా పట్టండి. ఈ చిన్న సినిమాకు పన్నెండు, పదిహేను షాట్లు, నాలుగైదు పాత ఫొటోలు సరిపోతాయి.

మాటల్లో ఉన్నదే బొమ్మలో చూపించకండి. 'ఏడ్చాను' అన్నప్పుడు కన్నీళ్లు వద్దు. బోర్లించిన కంచం చాలు, గూట్లో మాత్రల డబ్బా చాలు.

ఇప్పుడు నీడ సంగతి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా, తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు చూసిన ఆ తెర, దాని వెనక దీపం గుర్తొచ్చి, అమ్మ చెయ్యి కనపడకుండా చెయ్యి కథ చెప్పే దారి దొరికింది. మేం చేసింది ఇది. రాత్రి వంటింట్లో లైట్లన్నీ ఆపి, ఒక్క ఫోన్ టార్చిని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాం. అమ్మ దానికీ సున్నం గోడకూ మధ్య కూర్చుంది. ఇంకో ఫోనుతో గోడను మాత్రమే తీశాను. దీపం చిన్నదైతే నీడ అంచు పదునుగా వస్తుంది, పెద్ద బల్బు పెడితే అలికినట్టవుతుంది. రెండు దీపాలుంటే రెండు నీడలు పడతాయి. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే అసలు సైజులో, దీపం వైపు జరిగితే పెద్దదిగా పడుతుంది. సంగటి ముద్ద వేళ్ల మధ్య నుంచి జారిపోవడం, మళ్లీ కూడగట్టుకోవడం, అంతా గోడ మీద కనపడింది. తీసింది చూసి అమ్మ, 'ఇది నా చెయ్యే, కానీ నాది కానట్టుంది. పెట్టుకో' అంది.

ముఖం దాచాల్సినవాళ్లకు కూడా ఇదే పద్ధతి. తెల్ల పంచె తాడుకు కట్టి, దాని వెనక మనిషి, ఆ వెనక దీపం. ముఖం తీసి తర్వాత మసక చేయడం కంటే అసలు తీయకపోవడమే క్షేమం, ఎందుకంటే అసలు క్లిప్పు ఫోన్లో ఉండిపోతుంది. ముఖం ఒక్కటే ఆనవాలు కాదు. పచ్చబొట్టు, గాజులు, చీర, గోడ మీద పెళ్లి ఫొటో, తలుపు మీద ఇంటి నంబరు, ఓపీ చీటీ మీద పేరు, వీటిలో ఏదో ఒకటి చాలు ఊళ్లోవాళ్లకు. గొంతు కూడా పట్టిస్తుంది. అలాంటప్పుడు అదే వయసు, అదే యాస ఉన్న వేరే మనిషితో చెప్పించి, గొంతు వేరేవాళ్లదని తెర మీద రాయండి.

ఆస్పత్రి లోపల తీయాలంటే సూపరింటెండెంటు రాతపూర్వక అనుమతి కావాలి. అది దొరికినా వార్డులో పక్క మంచం మనిషి మనకు అనుమతి ఇవ్వలేదు. నేనొకసారి వరండాలో తీసిన క్లిప్పులో వెనక ఎవరో ఆడమనిషి డ్రెస్సింగ్ మార్పించుకుంటోంది. ఇంటికొచ్చాక చూసుకుని మొత్తం చెరిపేశాను, ఆ సిగ్గు ఇంకా ఉంది. బయట తీయడానికి కావలసినంత ఉంది: మెట్ల మీద వదిలిన చెప్పులు, వైరు బుట్టలో ఫ్లాస్కు, చెట్టు కింద పరిచిన దుప్పటి, తొలి బస్సు లైట్లు.

ఏడో అడుగు: కూర్చడం, సరిచూడడం

కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ లాంటి యాప్‌లు ఈ పనికి చాలు. ముందు గొంతును వరసగా పేర్చి, దాని మీద బొమ్మలు పరవండి. తిప్పుళ్లు, మెరుపులు, సాగదీసే ఎఫెక్టులు వద్దు. విషాద సంగీతం అసలే వద్దు, ఏడవమని చూసేవాళ్ల వీపు మీద చరిచినట్టుంటుంది. సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ గొడవ కూడా వస్తుంది. తెలుగు అక్షరాలు తప్పకుండా వేయండి, ఒకసారికి రెండు వరసలు మించకుండా, పెద్దగా. చెవుడున్నవాళ్లకూ, బస్సులో శబ్దం ఆపుకుని చూసేవాళ్లకూ అవే ఆధారం.

పూర్తయ్యాక వైద్యం తెలిసిన ఒకరికి చూపించండి. ఊళ్లో నర్సు ఏఎన్ఎం కావచ్చు, డాక్టరు కావచ్చు. 'నాకు ఇది పని చేసింది' అనేది మీ అనుభవం, 'ఇది వాడితే తగ్గుతుంది' అనేది మందు ప్రచారం. పసరు వైద్యం గురించీ పొడుల గురించీ ఆ రెండో మాట వద్దు. షుగరు, క్యాన్సర్, పక్షవాతం లాంటి జబ్బులను నయం చేస్తామని చెప్పే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది.

ఆస్పత్రి మీద కోపం ఉంటే? జరిగింది చెప్పండి, మీకేమనిపించిందో చెప్పండి, పేర్లు మాత్రం వేయకండి. ఫిర్యాదు వేరే పని. దానికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. అక్కడ అర్జీ పెట్టండి. రెండూ కలిపితే, సినిమా చూసిన ఆస్పత్రివాళ్లు మీ అమ్మ బాధను వదిలేసి తమ తప్పు కాదని నిరూపించే పనిలో పడతారు.

ఎనిమిదో అడుగు: చూపించడం

మొదటి ప్రదర్శన కథ చెప్పిన మనిషికి, వాళ్లింట్లో, వాళ్లు ఎంచుకున్న ఇద్దరు ముగ్గురితో. తర్వాత డ్వాక్రా సంఘం మీటింగు, అంగన్‌వాడీ, ఫిజియోథెరపీ గది, నర్సింగ్ కాలేజీ. చిన్న గుంపుకు చూపించి, అయ్యాక పది నిమిషాలు మాట్లాడించడం యూట్యూబ్‌లో వెయ్యి వ్యూస్ కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. డ్వాక్రా మీటింగులో మా సినిమా అయ్యాక మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, 'మా అత్త కూడా ఆకలి లేదంటాది' అంది. లేచి ఇంటికి వెళ్లిపోయింది.

వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, వీడియోగా పంపితే కుదించి పాడు చేస్తుంది. కానీ ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్లింది వెనక్కి రాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' పెడితే లింకు ఉన్నవాళ్లే చూస్తారు, అయితే ఆ లింకును ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. అందరికీ తెరిచి పెడితే కామెంట్లు ఆపేయండి, లేదా రోజూ మీరు చదివి వడకట్టండి. జబ్బు మనిషి వాటిని చదవాల్సిన పనిలేదు. చివరి తెర మీద 108, 14416 లాంటి నంబర్లు, తీసిన నెల, సంవత్సరం వేయండి.

ఆ సంవత్సరం వేయడం ఎందుకంటే మనిషి మారుతుంది, వీడియో మారదు. అందుకని ప్రతి ఉగాదికి అమ్మను అడుగుతాను, ఇంకో ఏడాది ఉంచాలా తీసేయాలా అని. ఈసారి అడిగితే కాసేపు ఆలోచించి, 'ఉండనీలే. కానీ ఆ నీడలో చెయ్యి వణుకుతాండాది. ఇప్పుడు అంత వణకడం లేదు, కింద రాయి పాపా' అంది. రాశాను.